ఆమె పేరున్న తాళం

మదనపల్లెలో కుప్పం బస్సెక్కిన అమ్మాయి ఒకతె నా పక్కన కూర్చుంది. కార్ల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌నని, రోబోలను నడిపే కంట్రోల్ సిస్టమ్స్ పని నేర్చుకుంటూనే డిగ్రీ చదువుతున్నానని చెప్పింది.

పుంగనూరు దాటాక ఆమె ఫోను మోగింది. వింటూనే జేబు తడుముకుంది. చిన్న తాళంచెవి బయటపడింది.

"అయ్యో, తెచ్చేసినా సార్!"

రోబో ఉన్న బోనులోకి రిపేరుకు వెళ్లేవాళ్లు కరెంటు ఆపి, స్విచ్చుకు తమ పేరున్న తాళం వేసి, చెవి తమ దగ్గరే పెట్టుకోవాలట. ఈమె పని ముగించి, తాళం తీయడం మరిచి వచ్చేసింది. అక్కడ లైనంతా ఆగిపోయింది.

"తాళం కోసేయొచ్చు కదమ్మా?" అన్నాను.

"కోస్తారన్నా. ముందు నేను బయట ఉండానని కంటితో సూడాల. తాళం ఆడుంటే నేను బోనులో ఉన్నట్టే లెక్క."

వీడియో కాల్‌లో తన ముఖం, బస్సు సీటు, ఆఖరికి నన్నూ చూపించింది.

"బస్సులోనే ఉండాదప్పా," అని నేను సాక్ష్యం చెప్పాను.

మా బోరు మోటారును ఇంట్లోంచి ఫోనుతోనే వేయొచ్చు. ఒకసారి నేను తీగలు పట్టుకుని ఉండగా నా భార్య వేసేసింది. ఎలాగో బతికాను. తర్వాత కూడా "వేయొద్దు" అని చెప్పి వెళ్లడమే నా జాగ్రత్త.

ఆ ప్రయాణం తర్వాత, రిపేరుకు ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటున్నాను.

మొన్న పుంగనూరులో ఉండగా నా భార్య ఫోను చేసింది. "కరెంటొచ్చి గంటయింది, మోటారు తిరగలేదు. ఫ్యూజులు యాడ పెట్టినావు?"

జేబు తడుముకుని, వెనక్కి వెళ్లే బస్సెక్కాను.