గుడ్డుకో ఇల్లు

ఉప్పల్‌లోని మా ఇంట్లో పొద్దున్నే గాజుపెట్టెలో దీపం వేస్తే, కాసేపటికి అందులోని షాబాద్ బండ వేడెక్కి, ఎండిన మట్టికీ ఊకకూ నడుమ ఎక్కడో ఉండే వాసన ఒకటి ముందుగదంతా పరుచుకుంటుంది. ఆ బండ మీద మా అమ్మాయి శ్రావ్య సాకుతున్న బియర్డెడ్ డ్రాగన్, అంటే మూరెడు పొడవుండి కోపమొస్తే గడ్డం ఉబ్బించే పెంపుడు తొండ, కళ్లు అరమూసి పడుకుంటుంది. ఆ వాసనకు నాకు నాచారంలో మా నాయనమ్మ కోడిని పొదగేసిన గంప గుర్తొస్తుంది.

నాచారంలో మా గల్లీ వెనక అప్పట్లో అన్నీ ఫ్యాక్టరీలే. సైరన్ మోగగానే షిఫ్టు దిగినవాళ్ల సైకిళ్లు వరసగా వచ్చేవి, మేం గోటీలు ఏరుకుని గోడవారకు జరిగేవాళ్లం. వానాకాలం సాయంత్రాల్లో తడిసిన ఇనుప రజను వాసనా, కుంపటి మీద కాలే మక్కకంకుల వాసనా కలిసిపోయి గల్లీ చివరిదాకా వచ్చేవి. ఆ రోజుల్లోనే నాయనమ్మ గంపలో ఊక పోసి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుపమేకు దాచి, ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర ఆడించి చూసేది. అంతకుముందే ఇల్లిల్లూ తిరిగి, "పిల్ల లేస్తే సాదుతవా?" అని అడిగి వచ్చేది. "సాదుత" అన్న ఇంటికి ఒక గుడ్డు లెక్క. మిగిలినవి ఎంత మంచివైనా పులుసులోకే.

ఒక ఏడు మా నల్లకోడి పొదుగుకు వచ్చింది. గల్లీ అంతా సాదుతామంది. నాకూ ఒక పిల్ల ఇస్తానన్నది నాయనమ్మ. తీరా గుడ్లు పెట్టే వేళ కోడిని ఒళ్లోకి తీసుకుని, రొమ్ము తడిమి, గంప బోర్లించేసింది.

"ఎముక కత్తిలెక్క తగుల్తాంది. మొన్ననే గద పిల్లల లేపింది. మల్ల కూసుంటే ఇది లేస్తదా?"

"అందరు సాదుతమన్నరు గద నాయినమ్మా!" అని ఏడ్చాను.

"ఆళ్లన్నరు, కోడి అన్నదా?"

పొదుగు వేడి దిగాలని కోడి పొట్టను నీళ్లలో ముంచి, గాలాడే చోట జామచెట్టుకు కట్టి, జొన్న నూకలు పోసింది. నేను అలిగితే ఒళ్లో వేయించిన పల్లీలు పోసిందే తప్ప, మాట మార్చలేదు.

పోయిన నెల, మా కింది అంతస్తులో ఉండే నరేష్, మా ఆడ తొండకు జత కట్టించడానికి తన మగ తొండను తెస్తానన్నాడు. శ్రావ్య ఎగిరి గంతేసింది. నేను కూర్చుని లెక్క వేశాను. ఒక్కసారి జత కడితే ఆడది రెండు మూడు విడతలు గుడ్లు పెట్టవచ్చు, విడతకు ఇరవై దాకా. పిల్లలు ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి గనక వేరువేరు పెట్టెలు కావాలి, పెట్టెకో దీపం కావాలి. ఒక్కోటి పదేళ్లు బతుకుతుంది. పైగా విదేశీ జంతువు గనక, పుట్టిన ప్రతి పిల్లనూ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

"ఫోన్ల మస్తుమంది పిల్లలు గావాలని అడుగుతున్నరు నాన్నా."

"గివన్ని చెప్పి మల్ల అడుగు బిడ్డా."

అన్నీ చెప్పి అడిగితే, సాకుతామన్నవాళ్లు ఇద్దరే మిగిలారు. పశువుల డాక్టరు మా తొండను తూచి, వయసూ బరువూ ఇంకా చాలవని, ఇప్పుడు గుడ్లు పెడితే ఒంట్లో సున్నం తగ్గి ఎముకలు మెత్తబడతాయని చెప్పాడు.

ఆదివారం నరేష్ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం మామా, పెండ్లికొడుకును దించాల్నా, బరాత్ వాపస్ దీస్కపోవాల్నా?"

నేను వద్దనడానికే నోరు తెరిచాను. అంతలో శ్రావ్య ముక్కు తుడుచుకుని, "వాపస్ దీస్కపో అన్నా. పిల్ల ఇంక బక్కగుంది" అన్నది.

నరేష్ నవ్వుతూ మెట్లు దిగాడు. శ్రావ్య నా మీద అలిగి, తొండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనూ బతిమాలలేదు.

మొన్న పనుండి నాచారం వెళ్లాను. మా గల్లీలో ఇప్పుడు కోడి కాలితో గీరడానికి జానెడు మట్టి లేదు. జామచెట్టు చోట లిఫ్టు ఉంది. ఇంటింటికీ వెళ్లి పిల్ల లేస్తే సాదుతవా అని అడిగే మనిషీ లేదు. మా అపార్టుమెంటులోనూ అరవై తలుపులున్నాయి. ఒక ప్రాణాన్ని చేతిలో పెట్టి నిశ్చింతగా వెనక్కి రాగల తలుపులు వాటిలో ఎన్నో నాకు తెలియదు. అది తెలిసేదాకా, మా తొండ బలపడేదాకా, మా ఇంట్లో జత కట్టించేది లేదు.