యాంటెన్నా గీసిన దొర

మూర్తిగారూ, కాదు. కిందటి పోస్టు కింద మీరు రాసినట్టు, మీ హాల్లో వేలాడుతున్న ఆ కమాన్ల మేడ లితోగ్రాఫు ఎవరో ఇంగ్లీషు దొర గీసింది కాదు. అబిడ్స్‌లో మేము అద్దెకున్న ఇంటి డాబా మీద, మా అత్తగారి వడియాల పక్కన చాప వేసుకుని నా స్నేహితురాలు తారాబాయి గీసింది. అప్పట్లో ఆవిడ కాలేజీలో బొమ్మలు నేర్పేది. ఎదురింటి మేడను ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత కాలేజీలో రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు తీసింది. కాఫీలు మోసింది నేను. "కొట్లో చీటీ మీద అలాగే ఉంది" అన్నారు గనక, ఆ చీటీ సంగతి చూద్దామని మొన్న మంగళవారం బయల్దేరాను.

బషీర్‌బాగ్‌లో మా సందు మొదట్లో పదకొండింటికి ఆటో ఎక్కితే అబిడ్స్‌కు ఎనభై రూపాయలు. డ్రైవరు మాటకారి. "ఏం కొననీకి పోతున్నరమ్మా?" అన్నాడు.

"కొనడానికి కాదు, పోట్లాడ్డానికి."

"గట్లనా, మరి వెయిటింగ్‌ల ఉండాల్నా?"

అక్కర్లేదన్నాను. ఉండమనాల్సింది.

పోస్టాఫీసు పక్క సందులో, మెట్లెక్కితే మీరు బొమ్మ కొన్న ఆ కొట్టు. అదే బొమ్మ, ఇంకో ప్రతి, బంగారు రంగు ఫ్రేములో. కింద చీటీ: ప్రాచీన చిత్రం, బ్రిటిష్ కళాకారుడు. యజమాని నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడే. "బ్రిటిషోల్ల జమానాది అమ్మా. గిసొంటియి మల్ల దొరకయి."

"దొరల జమానాలో మేడ మీద టీవీ యాంటెన్నా ఉండేదా నాయనా?"

పిట్టగోడ మీద చేపముల్లులా ఎంత స్పష్టంగా ఉందో! అతను కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. "పిట్టలు కూసోనికి పెట్టిన కట్టె గావొచ్చు."

గీసినావిడ పేరు చెప్పాను, ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉందనీ చెప్పాను. అతను గొంతు తగ్గించాడు. "కోపం జేయకున్రి. బతికున్నామె పేరు పెడితే గింత రేటు ఎవరిస్తరు? సంతకమున్న కాపీ ఒక్కటి చూపియ్యిన్రి, చీటీ మారుస్త. నాకొచ్చిన వాటిల ఒక్కదానికీ లేదు."

బతికుండటం ఇంత నష్టమని నాకిన్నాళ్ళూ తెలియదు.

సంతకం ఎందుకు లేదో నాంపల్లిలో తెలిసింది. అతని బొమ్మలకు ఫ్రేములు కట్టే దుకాణం స్టేషను రోడ్డులో ఉంది. పావుగంట నడక. ఆటో ఎక్కకండి, సిగ్నళ్ళ దగ్గర అంతకన్నా ఎక్కువ సేపే కూచోబెడతారు. రాతి అచ్చు తీసినవాళ్ళు బొమ్మ కింద వదిలిన తెల్ల అంచు మీద పెన్సిల్‌తో సంతకం చేసి, ఎన్నో ప్రతో నంబరు వేస్తారు. కావలసినన్ని ప్రతులు తీశాక రాతిని అరగదీసేస్తారు, మళ్ళీ అచ్చు పడదు. అంటే ఆ అంచే దాని జాతకం. అదేమైందని ఫ్రేములాయన్ని అడిగాను.

"రెడీమేడ్ ఫ్రేముల పట్టలే, కోసిన. ఉత్త తెల్లకాయితమే గద."

"దాని మీద పెన్సిల్ రాత లేదూ?"

"ఔ, ఏవో గీతలుండె. మాసిందనుకున్న."

ఇక అక్కడ నిలబడితే నాకే మంచిది కాదని స్టేషను వెనక తారాబాయి ఇంటికి నడిచాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసి, "ఏంది సరోజా, గిట్ల రొప్పుతున్నవ్? తిట్టనీకి ఇంకెవలన్న మిగిలిన్రా?" అంది.

అంతా చెప్పాను. నాకన్నా ఎక్కువ మండిపడుతుందనుకుంటే, ఒక్కటే అడిగింది. "యాంటెన్నా మంచిగ కనబడ్తుందా?"

"కనబడుతోంది."

"మా ప్రిన్సిపాలు తీసెయ్యమన్నడు. అది లేకుంటే పాత బొమ్మ లెక్క ఉంటదంట. ఉన్నది ఉన్నట్టే గీస్త అన్న. దొర అయితే తీసేసెటోడు." నవ్వింది. తర్వాత ఖాళీ గోడ వంక చూసింది. తనకని ఉంచుకున్న ఒక్క ప్రతీ చెమ్మకు పాడైపోయింది. "ఎవలన్న ఒకటి తెస్తే ఎనక రాస్త. చెయ్యి వణుకుతది గని పేరుకు సాలు. నంబరు మాత్రం రాయ. యాదికి లేదు, అబద్ధం రాయొద్దు."

ఆ మేడ ఇప్పుడు లేదు. దాని చోట సెల్‌ఫోన్ల కాంప్లెక్సు ఉంది. కట్టిన మేస్త్రీ పేరు ఎవరికీ తెలియదు, సరే. గీసిన మనిషి ఉంది, పేరుంది, గొంతు కూడా గట్టిగానే ఉంది. అయినా పాతగా, అందంగా కనిపించేసరికి దొరదే అయి ఉంటుందనుకున్నాం. ఆ అనుకోవడానికి కొట్టువాడు రేటు కట్టాడు, మీరు డబ్బిచ్చారు. ఎవరి మీద ఎక్కువ కోప్పడాలో ఇంకా తేల్చుకోలేదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట: బొమ్మను ఫ్రేముకిస్తే, కత్తెర పక్కన పెట్టేదాకా అక్కడే కూచోండి.

మూర్తిగారూ, మీకు మాత్రం పనుంది. మీ ప్రతిని దింపి, వెనక అట్ట ఇంట్లోనే విప్పండి, సన్నమేకులు జాగ్రత్త. తారాబాయి చిరునామా విడిగా పంపాను. నాలుగు దాటాక వెళ్ళండి, అంతకుముందు పడుకుంటుంది. మెత్తటి పెన్సిల్ ఒకటి చెక్కి పట్టుకెళ్ళండి. పెన్ను వద్దు, సిరా ముందు వైపుకి దిగుతుంది. ఆవిడ పేరు రాసేదాకా తొందరపెట్టకండి. రాశాక తిన్నగా అబిడ్స్ కొట్టుకెళ్ళి చూపించి, ఆ చీటీ అతని చేతే చింపించండి.