సిమెంటు రాజు, సిమెంటు రాణి

ఇటిక్యాల మేస్త్రీ ఇమ్మానుయేల్‌కు బతికుండగానే సమాధి కట్టుకోవాలన్న బుద్ధి పుట్టించినవాడు ఒక ఇంగ్లాండు రాజు. రాణి పోయాక ఆ మహారాజు, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని పడుకున్నట్టు బొమ్మలు పోత పోయించి, తన సమాధి తానే ముందుగా కట్టించుకున్నాడట. కోడలు నిరోష ఫోన్లో ఆ ఫొటో చూపించి, "కానీ మామా, ఆ చేతులు ఎప్పుడో ఇరిగిపోయినయంట" అంది.

"లోపల ఇనుప సలాక పెట్టకుంటే ఇరగవా మరి?" అన్నాడు ఇమ్మానుయేల్, రాజుగారి మేస్త్రీ మీద జాలిపడుతూ.

చర్చి వెనక సమాధుల దగ్గర పని మొదలైంది. బొంబాయిలో ఆయన గోడలు కట్టినన్నాళ్లూ తట్టలు మోసిన భార్య రూతమ్మే ఇక్కడా సిమెంటు కలిపింది. ఇంగ్లాండు రాణికి పాపం ఈ భాగ్యం దక్కలేదు. ఇద్దరి బొమ్మలూ లేచాయి, మణికట్ల దగ్గర సలాకలు మొండిగా మిగిలాయి. చేతులు ఎలా పొయ్యాలో చూసుకుందామని, "జర నా చెయ్యి పట్టుకో" అన్నాడు ఇమ్మానుయేల్.

రూతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెండ్లయిన కాడికెల్లి నువ్వు ముంగట, నేను ఎనక. ఎన్నడన్న పక్కన నడిపిచ్చినవా? ఆదివారం చర్చి దాంక నా చెయ్యి పట్టుకొని నడువు. లేకుంటే నీ పక్కన పండుకోను. నన్ను మా అమ్మ పక్కన పెట్టుండ్రి."

ఇమ్మానుయేల్ నవ్వాడు గానీ, ఆమె పక్కన లేని సమాధి ఆయనకెందుకు? ఆ మాట పైకి అనే అలవాటు మాత్రం ఆ ఇంట్లో లేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సందు దాటేదాకా నిజంగా రాజులాగే నడిచాడు. మలుపులో చాయ్ హోటల్ ముందు కూర్చున్న మద్దిలేటి కప్పు పక్కన పెట్టి గబుక్కున లేచాడు.

"ఏంది మేస్త్రీ, వదినెకు పానం బాగలేదా? దవాఖానకా? ఆటో పిలవాల్నా?"

రూతమ్మ భర్త మొహంలోకి చూసింది. ఇమ్మానుయేల్ గొంతు సవరించుకున్నాడు.

"అవు, జర కండ్లు తిరుగుతున్నయంట."

చర్చి దాకా చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా పలకరించిన వాళ్లందరికీ అదే జబ్బు చెప్పాడు. మాట నిలబెట్టుకున్నానన్న ధీమాతో మర్నాడు సమాధి దగ్గర మళ్లీ చెయ్యి చాపాడు.

రూతమ్మ సిమెంటు కలుపుతూ తలెత్తలేదు.

"పక్కన పండుకుంటలే. చేతులు మాత్రం పెట్టకు. ఊరోళ్లు సూస్తే, సచ్చినంక గూడ నాకు పానం బాగలేదనుకుంటరు."