జగన్నాథరావు గారి తూటా పాఠం

జగన్నాథరావు గారి దగ్గర మీరు ఏ మాట మొదలుపెట్టినా సరే, అది తిరిగి తిరిగి రివాల్వరు తూటా దగ్గరకే వచ్చి ఆగుతుంది. వానలన్నా అంతే, ధాన్యం ధరన్నా అంతే, మీ మేనకోడలి పెళ్లన్నా అంతే. భీమవరం పక్క పల్లెటూళ్లో హైస్కూలు మాస్టరుగా చేరి, వారి మేడ మీద నేను అద్దెకు దిగింది తొంభై నాలుగులో. సామాను ఇంకా బండి మీదే ఉంది. "మాస్టారూ, మీరు తూటా ఎప్పుడైనా చూశారా?" అన్నారు. చూళ్లేదని నిజం చెప్పాను. ఆ వేళ నా సామాను చీకటి పడ్డాక దిగింది.

వారి తాతగారి నాటి ఇంగ్లీషు రివాల్వరు ఒకటి లైసెన్సుతో సహా వారికి సంక్రమించింది. రివాల్వరును చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. తూటాను మాత్రం చంటిపిల్లలు కూడా చూశారు. మందూ క్యాపూ తీసేసిన ఒట్టి తూటా ఒకటి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది.

"మొదట్లో దీని ఇత్తడి గొట్టం పొడుగ్గా ఉండేదండి," అని అందుకునేవారు. "అప్పటిది పొగ మందు. ఒకసారి కాలిస్తే ఎదుటివాడు ఉన్నాడో పోయాడో పొగ విడేదాకా తెలిసేది కాదు. తర్వాత కార్డైట్ అని కొత్త మందొచ్చింది. అచ్చం సేమియా పుల్లల్లా ఉంటుంది. కొంచెం వేస్తే చాలు. దాంతో గొట్టం సగం ఖాళీ. ఖాళీ ఉంటే మందు సరిగ్గా మండదు. అప్పుడు తెల్లోడు ఏం చేశాడు?"

"ఏం చేశాడండి?"

"గొట్టాన్నే పొట్టి చేశాడు!"

ఆ గొట్టాన్ని తానే కోసి ఇచ్చినంత సంబరం ఆయన మొహంలో. "సేమియా దాకా వచ్చారంటే సగం అయినట్టే మాస్టారూ, ఓర్చుకోండి," అని వంటింట్లోంచి ఆయన భార్య రామతులసి గారు ధైర్యం చెప్పేవారు. ఆవిడ సేమియా పాయసం చెయ్యడం మానేసి ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో చేస్తే, తూటా కథ పూర్తయ్యేసరికి పాయసం గడ్డకట్టిందట.

చేపల మేత అమ్మడానికొచ్చిన ఏజెంటు ఒకాయన, సీసపు గుండు అడుగున డొల్ల ఎందుకుంటుందో వింటూ కునికాడు. ఓ కునుకు తీసి లేచి చూస్తే ఇంకా డొల్ల దగ్గరే ఉన్నారు. శాంపిల్ సంచీ వదిలేసి పారిపోయాడు పాపం.

ఓ ఆదివారం మధ్యాహ్నం బుల్లబ్బాయి అనే రైతు బుసలు కొడుతూ వచ్చాడు.

"బాబాయ్, ఓసారి ఆ రివాల్వరు ఇవ్వండి. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను."

మా వైపు నిచ్చెనా, స్ప్రేయరూ, ఆయిలింజనూ పక్కింట్లో అడిగి పట్టుకెళ్లడం మామూలే. రివాల్వరునూ అదే గొంతుతో అడిగాడు.

"దేనికిరా?"

"చినబాబు గాణ్ణి కాల్చిపారేస్తానండి! ఆడి చేపల చెరువు ఊటకి నా చేనంతా కుళ్లిపోయింది. గట్టు పక్కన కాలవ తియ్యరా అంటే, దిక్కున్నచోట చెప్పుకోమన్నాడు. సొంత తమ్ముడండి!"

కళ్లలో నీళ్లు తిరిగాయి, పిడికిళ్లు బిగుసుకుపోయాయి. నిజంగా అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. నాకు భయమేసింది.

"ఇస్తాను, ఇవ్వనన్నానా?" అన్నారు జగన్నాథరావు గారు జేబులో చెయ్యి పెడుతూ. "ఏం పేలుస్తున్నామో తెలియకుండా పేల్చకూడదు కదా. కూర్చో. మొదట్లో దీని గొట్టం..."

కథలో పొగ ఇంకా విడలేదు, పెరటి గుమ్మంలోంచి చినబాబు ఊడిపడ్డాడు. "బాబాయ్, ఆ రివాల్వరు ఓసారి..." అంటూనే అన్నను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వూ కూర్చో. మళ్లీ మొదట్నుంచి చెబుతాను."

"మళ్లీ మొదట్నుంచా!" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే. ఆ ఏడాది వాళ్లిద్దరికీ మాట కలిసింది అక్కడే.

తూటా అడుగున అంచు లేకపోతే రివాల్వరులో అది కూర్చునే గదిలోంచి ఎలా జారిపోతుందో చెప్పారు. మధ్యలో రామతులసి గారు అన్నాలు పెట్టారు, టీలిచ్చారు. పాఠం ఆగలేదు. డొల్ల దగ్గరకొచ్చేసరికి చినబాబు అన్న చెవిలో గొణిగాడు.

"అన్నయ్యా, పొక్లెయిను పెట్టి కాలవ తీయించేస్తాను. ముందు ఇక్కణ్ణించి బయటపడదాం."

"తీయిద్దువుగానిలేరా, లే ముందు!"

ఇద్దరూ ఒకే మోటారు సైకిలెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా పోయారు.

నేను ఊపిరి పీల్చుకుని అడిగాను. "వాళ్ల కోపం దిగకపోతే నిజంగా ఇచ్చేసేవారా అండీ?"

"ఎక్కడుందండీ ఇవ్వడానికి? పోయిన ఎలక్షన్లప్పుడు రూలు ప్రకారం పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేశాను. మళ్లీ తెచ్చుకోలేదు."

"మరి ఆ మాటే చెప్పెయ్యొచ్చుగా?"

"లేదంటే కత్తి కోసం ఇంకో ఇంటికి పోతాడు మాస్టారూ. ఉందంటే ఇక్కడే కూర్చుంటాడు. కూర్చున్నవాడి కోపం ఎంతసేపుంటుందండీ?"

ఆయన మీద నాకు ఎక్కడలేని గౌరవం పొంగుకొచ్చింది. అంతలోనే ఓ అనుమానం కూడా వచ్చింది.

"నాకు ఎవరి మీదా కోపం లేదు కదండీ. మరి నాకు రోజూ ఎందుకు చెబుతారు?"

"చెబుతూ ఉండకపోతే మర్చిపోతానండి. అవసరానికి మధ్యలో ఆగిపోతే ఎంత ప్రమాదం! దేవుడిలా మీరు దొరికారు."

నాకు ఒళ్లు మండింది. కానీ కోపంగా ఉన్నవాణ్ణి ఆ ఇంట్లో ఏం చేస్తారో అప్పుడే కళ్లారా చూశాను కదా, నవ్వు మొహం పెట్టుకుని గబగబా మేడెక్కేశాను.