గ్యాసక్క చూడని గుండెలు

ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్ళను దేవుళ్ళనడం మనకు అలవాటు. గ్యాసక్కను ఆ మాట అనకండి, విసుక్కుంటుంది. మత్తు డాక్టరు పక్కన యంత్రాలూ మందులూ సిద్ధం చేయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే చలి, అదే నడుంనొప్పి.

ఆ పేరు రావడానికి కారణం ఆమె నమ్మకం. గుండె బైపాస్‌లో మత్తు నిలపడానికి రెండు దారులు: ఊపిరితో పోయే గ్యాసు, లేదా నరంలోకి సన్నగా ఎక్కే తెల్లమందు. పెద్ద రక్తనాళానికి క్లాంపు బిగించి గుండెను ఆపినప్పుడు, రక్తం అందని ఆ గంటసేపు గ్యాసు గుండె కండరాన్ని కూడా కాస్త కాపాడుతుందని ఒక వాదం. చిన్న అధ్యయనాలు కొన్ని అవునన్నాయి. పెద్దవి అంత గట్టిగా అనలేకపోయాయి. గ్యాసక్కకు ఆ గొడవ పట్టదు. "నా కళ్ళతో చూశానండీ. గ్యాసు పెట్టిన గుండె క్లాంపు తీయగానే షాకు అక్కర్లేకుండా దానంతటదే లేస్తుంది," అంటుంది.

ఆ ఏడాది ఈ తగువు తేల్చడానికే ఆ ఆసుపత్రిలో ఒక అధ్యయనం మొదలైంది. ఒప్పుకున్న రోగికి ఏ మత్తు ఇవ్వాలో డాక్టరు కాదు, అంటించిన కవర్లోని చీటీ చెబుతుంది. కవర్లను వరస నంబరు ప్రకారం ఆపరేషన్ ఉదయమే తెరవాలి, ఏమొచ్చిందో రోగికి చెప్పకూడదు. డబ్బా తాళంచెవి గ్యాసక్క దగ్గర.

నలభై ఒకటో నంబరు ఆమె సొంత అన్నయ్యది.

ముందురోజు మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"మా అన్నయ్యను దీన్లోంచి తీసేయండి డాక్టరు గారూ. గ్యాసే ఇవ్వండి."

"తీసేస్తానక్కా. కానీ సంతకం ఆయనది, ఆయన చెప్పాలి. అయినా ఏది మంచిదో తెలిస్తే ఈ కవర్ల తంటా ఎందుకు పడతాం?"

"మీకు తెలీదు. నాకు తెలుసు."

వార్డులో అన్నయ్య, ముప్ఫయ్యేళ్ళు చెక్కతో కుస్తీపట్టిన వడ్రంగి, మంచం కీళ్ళు ఊపి చూస్తున్నాడు. తప్పుకుంటానని డాక్టరుకు చెప్పమని అడిగితే నవ్వాడు.

"చిన్నప్పుడు కిటికీ సీటుకి చీటీలేస్తే రెండింట్లోనూ నీ పేరే రాసేదానివి. ఈ వయసులోనూ అదే బుద్ధా?"

"ఇది కిటికీ సీటు కాదన్నయ్యా."

"తెలుసులేవే. గుండె నాది, సంతకమూ నాదే. పోయి పడుకో, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

ఆ రాత్రి డబ్బా తాళం తీసింది. కవరు పలచన. వెలుగుకు పెడితే అక్షరాలు తెలుస్తాయి. కావాలంటే నలభై రెండోదానితో మార్చేయొచ్చు. డబ్బా ముందు అరగంట కూర్చుని, కాళ్ళు లాగుతుంటే లేచి వచ్చేసింది. నీతి గెలిచిందని నేను రాయను. అన్నయ్య మాట గుచ్చుకుంది, అంతే.

సొంత మనిషి ఆపరేషనని మర్నాడు రావద్దన్నారు. కానీ రెండో టెక్నీషియన్ జ్వరంతో పడుంది. కవరు చించితే తెల్లమందు. సిరంజీలు నింపింది.

సర్జను "క్లాంపు తీస్తున్నా" అన్న క్షణానికే సిరంజి అయిపోవస్తోందని యంత్రం కుయ్యిమంది. వంగింది, కొత్తది బిగించింది, బుడగలు లేవని చూసి మీట నొక్కింది. తలెత్తేసరికి అన్నయ్య గుండె కొట్టుకుంటోంది.

"ఎలా లేచింది?" అని, గుండె ఆగినంతసేపు రక్తం తిప్పే యంత్రం నడిపే ఆయన్ని అడిగింది.

"దానంతటదే. చూళ్ళేదా? తెల్లమందు రోజుల్లో నువ్వెప్పుడు చూశావులే, సిరంజీలతోనే సరిపోతుంది."

గ్యాసక్క చేతులు ఆగిపోయాయి. గ్యాసు రోజున పొద్దున ఒకసారి నింపితే చాలు, చేతులు ఖాళీ. తెర మీదుగా తొంగిచూసేది. తెల్లమందు రోజున తల ఎత్తే తీరికుండదు. పంతొమ్మిదేళ్ళలో లేస్తుండగా ఆమె చూసిన గుండెలన్నీ గ్యాసువే. మిగతావి ఎలా లేచాయో ఆమెకు తెలియనే తెలియదు.

మర్నాడు రక్తపరీక్షలో గుండెకు తగిలిన దెబ్బ కొలత వచ్చింది: మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. గ్యాసైతే తగ్గేదా? చెప్పేవాడు లేడు. అన్నయ్యకున్నది ఒక్క గుండె.

"చీటీలో ఏమొచ్చిందే?" అన్నాడు అన్నయ్య, గొంతు గరగరలాడుతూ.

"చెప్పకూడదు."

"దొంగ."

దుప్పటి సర్ది కిందికి దిగింది. నలభై రెండో కవరు తెరవాలి.