నన్నెరిగినవాడి దస్కతు

మా ముత్తాత గోపాలరావు గారిది పన్నెండు ఊళ్ల దేశ్‌ముఖీ. తాత జనార్దనరావు గారు మాట పంపితే చాలు, కరీంనగర్ సాహుకార్లు కాగితం అడగకుండా విత్తనాల బండ్లు కట్టించేవారు. ఎవరి భుజం మీదైనా చెయ్యి వేసి ఆయన ‘ఇతను మావాడు’ అన్నాడంటే తాలూకా కచేరీలో ఆ మనిషిని ఇంకెవరూ ప్రశ్న వేసేవారు కాదు. మా నాన్న మురళీధరరావు గారి కాలానికి ఊళ్లు పోయి ఊరు మిగిలింది, ఊరు కూడా పోయి పటేల్‌గిరీ మిగిలింది. అలాంటి వంశంలో పుట్టిన నేను మొన్న మనవరాలి ఫోన్‌లోకి చూస్తూ, అది కళ్లు ఆర్పమంటే ఆర్పాను, తల తిప్పమంటే తిప్పాను. పొయ్యి మీద చాయ్ పొంగేలోపు నా ఖాతా ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మారిపోయింది. నువ్వెవరివని గానీ, నిన్నెరిగినవాళ్లెవరని గానీ ఎవరూ అడగలేదు. మనవరాలు మురిసిపోయింది. నాకు మాత్రం బహ్రెయిన్‌లో ఖాతా మార్చుకోవడానికి పడ్డ పాట్లు, ఆ పాట్లలో నాకు తెలిసివచ్చిన ఒక మనిషి గుర్తుకొచ్చారు.

అవి ఎనభైల మొదటి రోజులు. మా ఊరివాళ్లు గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయిలో ఉన్నాడనే చెప్పుకునే కాలం. నువైద్రాత్ దగ్గర కడుతున్న ఒక సైటులో నేను స్టోర్స్ గుమాస్తాను. మనామా నగరంలో, నయీమ్ పేటలో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ని. ఆ ఎండల్లో కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా డ్యూటీకి వెళ్లింది లేదు. క్యాంపులో కూలీలకు జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవారు, ఆఫీసువాళ్లకు మాత్రం బ్యాంకులో పడేది. ఒక ఎండాకాలం కంపెనీ తన లావాదేవీలన్నీ వేరే బ్యాంకుకు మార్చుకుని, మమ్మల్నందరినీ అక్కడే ఖాతాలు తెరుచుకోమంది. మిగతావాళ్లు తెలివిగా కంపెనీ నుంచి పరిచయ పత్రం తీసుకుని, కొత్త ఖాతా తెరిచి, జీతం ఒకసారి అందులో పడ్డాక తీరిగ్గా పాతది మూసుకున్నారు. నేను అలా చేయలేదు. ఒక గడప దిగేటప్పుడు అక్కడి లెక్క పూర్తిగా తేల్చుకున్నాకే ఇంకో గడప తొక్కాలన్నది మా ఇంటి ఆచారం. మా తాత సాహుకారును మార్చినా, వైద్యుణ్ని మార్చినా అలాగే మార్చాడు. అందుకని నేను ముందు పాత బ్యాంకుకు వెళ్లి ఖాతా మూసేశాను. ఉన్నదంతా వాళ్లు నా పేర క్రాస్ చేసిన చెక్కుగా రాసిచ్చారు. మేనేజరుకు నమస్కారం పెట్టి, తల ఎత్తుకుని బయటికి వచ్చాను.

క్రాస్ చేసిన చెక్కును ఖాతాలో వేసుకోవాలే తప్ప చేతికి డబ్బివ్వరని మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఖాతా తెరవాలంటే కంపెనీ ఉత్తరమైనా కావాలి, ఆ బ్యాంకులోనే ఖాతా ఉన్న పాత ఖాతాదారు ఎవరైనా ‘ఈ మనిషి నాకు తెలుసు’ అని సంతకమైనా పెట్టాలి. ఉత్తరం మీద సంతకం చేయాల్సిన కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న అరబ్బు యజమాని, అప్పటికే ఎండలు తప్పించుకోవడానికి కుటుంబంతో లండన్ వెళ్లిపోయాడు. ఇంతలో ఆ నెల జీతం మూసేసిన ఖాతాకు వెళ్లి, ఆసామి లేడని తిరిగి కంపెనీకి వచ్చేసింది. జేబులో నా సంపాదనంతా ఉంది, కానీ దానితో ఒక రొట్టె కూడా కొనలేను.

రొట్టె సంగతి అటుంచండి. మా చెల్లెలికి ఆ ఏడాదే కర్ణాటకలో ఒక ప్రైవేటు కాలేజీలో మెడిసిన్ సీటు వచ్చింది. మా ఇంటి ఆడపిల్లల్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి అది. నెలాఖరులోగా డబ్బు కట్టకపోతే సీటు వెనకనున్నవాళ్లకు వెళ్లిపోతుందని నాన్న టెలిగ్రామ్ ఇచ్చాడు. ఆ చెక్కులో ఉన్నది ఆ సీటే.

మా కంపెనీలో జీతాల పద్దులు చూసే గుంటూరు ఆయన మహూజ్‌లో ఉండేవాడు. శుక్రవారం తెలుగు క్రైస్తవులంతా ఆయన ఇంట్లోనే ప్రార్థనకు చేరేవారు. ప్రార్థన ముగిసే వేళకు వెళ్లి సంగతి చెప్పాను. ఆయనా ఆ బ్యాంకులో మొన్న ఖాతా తెరిచినవాడే, ఆయన సంతకం చెల్లదు. ఆయన భార్య చాయ్ ఇచ్చి నా చెల్లెలి పేరు అడిగి మరీ ప్రార్థన చేసింది. ఆయన నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ అన్నాడు: “మీ ఊరాయనే ఉన్నాడు కదండీ, మేస్త్రీగారు! ఆయనకి ఆ బ్యాంకులో ఎప్పట్నుంచో ఖాతా ఉంది. మీరు అడగాలేగానీ కాదంటాడా?”

అడగడం దగ్గరే ఉంది చిక్కంతా. ఆ మేస్త్రీది మా ఊరే. వాళ్ల నాన్న మా బావికి రాతి కట్టు కట్టినవాడు. ఊళ్లో మేం వాళ్లను ‘వాడు’ అనే పిలిచాం, వాళ్లు మమ్మల్ని ‘దొర’ అన్నారు. బహ్రెయిన్‌కు నాకంటే ముందే వచ్చి, సైటులో యాభై మంది చేత పని చేయించే స్థాయికి ఎదిగాడు. నల్లద్దాలు, చేతికి మెరిసే గడియారం, ఎంత దూరానికైనా వినపడే నవ్వు. ఎదురుపడితే ‘దొరా, సామాన్ రెడీనా?’ అని అరిచేవాడు. ఆ ‘దొరా’లో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నాకెప్పుడూ తేలేది కాదు. ‘నేనెవరో చెప్పు’ అని అలాంటి మనిషిని నేను అడగాలి. రెండు రోజులు అడగలేదు.

మూడో రోజు పొద్దున మేస్త్రీయే స్టోర్స్ ముందు పికప్ ఆపి హారన్ కొట్టాడు. గుంటూరు ఆయన చెప్పినట్టున్నాడు.

“ఏంది దొరా, చెల్లె సీటు పోతాంటే ఇనుప సామాన్ లెక్కబెట్టుకుంట కూసున్నరా? నాకు చెప్పకపోతిరి?”

ఆయన నల్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

“నాకు పాస్‌పోర్టు వచ్చేటప్పుడు పోలీసోల్లకు మన ఊరోడే అని రాసియ్యాలె అంటే, మీ నాయిన నన్ను రెండు పొద్దులు అరుగు కింద నిలబెట్టి దస్కతు చేసిండు. యాదికుందా? నేను మిమ్ముల నిలబెడ్త లేను. యల్లా, బండెక్కుండ్రి.”

ఎక్కాను. దారంతా ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఊళ్లో వానలు పడ్డాయా, చెరువు నిండిందా అని అడుగుతూ మనామా దాకా నడిపాడు.

బ్యాంకులో అధికారి నెరిసిన గడ్డం బహ్రెయినీ పెద్దమనిషి, హిందీ బాగా వచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నన్ను చూసి, సిమెంటు అంటిన చొక్కాతో ఉన్న మేస్త్రీని చూసి, పరిచయం చేసేవాడు నేననుకుని ఫారం నా ముందుకు తోశాడు. మేస్త్రీ నవ్వి దాన్ని తనవైపు లాక్కున్నాడు. ఈ మనిషి ఎన్నాళ్లుగా తెలుసని అడిగితే, ‘ఆయన పుట్టకముందు నుంచీ’ అన్నాడు. అధికారి నవ్వలేదు. రేపు ఇతను అప్పులు చేసి దేశం విడిచి పారిపోతే మేం నిన్నే అడుగుతాం, ఆలోచించుకో అన్నాడు. మేస్త్రీ హిందీలో గట్టిగా జవాబు చెప్పి, అదే మాట నా కోసం మన భాషలో మళ్లీ అన్నాడు:

“ఉరుకుడు ఆల్లింట్ల ఎవ్వలకు రాదు సాబ్. మునుగుతరు గని ఉరకరు.”

మా వంశం గురించి అంతకంటే నిజమైన మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. పొగడ్తలు పాడినవాళ్లను, శాపనార్థాలు పెట్టినవాళ్లను చాలామందిని చూశాను. మమ్మల్ని చూసినట్టు చూసి, చూసింది చెప్పి, దాని కింద తన పేరు రాసినవాణ్ని ఒక్కణ్నే చూశాను. తెలుగులో, గుండ్రంగా, తీరిగ్గా దస్కతు చేశాడు. అధికారి ఆ సంతకాన్ని బ్యాంకులో ఉన్న నమూనాతో సరిచూసి తల ఊపాడు.

బయటికి వచ్చాక నయీమ్‌లో ఒక చాయ్ హోటల్ దగ్గర బండి ఆపమన్నాను. బల్ల మీద నేను కూర్చోమనేలోపే ఆయన నా పక్కన కూర్చున్నాడు. అది నాకు నచ్చింది. మా రెండిళ్లవాళ్లు ఒకే బల్ల మీద కూర్చోవడం బహుశా అదే మొదలు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీ చెక్కు ఇంక పాసు గాలేదు గదా దొరా, ఏడికెళ్లి ఇస్తరు?” అని పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను. అది గల్ఫ్‌కు వచ్చాక నేను గట్టిగా నవ్విన మొదటిసారి కావచ్చు. చెక్కు పాసయింది, డబ్బు టెలెక్స్ మీద గడువులోపే వెళ్లింది, చెల్లెలు తెల్లకోటు వేసుకుంది. ఆ రోజు నుంచి నా నోట ఆయన ‘మేస్త్రీగారు’. ఊళ్లో అలా పిలిచినప్పుడు మా నాన్న ముఖం చిట్లించాడు. నేను మార్చుకోలేదు.

ఈ కాలాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఎవరి అరుగు కిందా నిలబడకుండా, ఎవరినీ బతిమాలకుండా పని జరిగిపోతోంది, నాలాంటి ముసలివాడికి అది మేలే. కానీ ఫోన్ నా ముఖాన్ని మాత్రమే గుర్తుపట్టింది. నా వెనక ఎవరున్నారో, కష్టం వస్తే నేను పారిపోయే రకమో మునిగే రకమో దానికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక మనిషి ఇంకో మనిషికి పూచీ పడితే తప్ప తెరుచుకోని తలుపులు అప్పట్లో ఉండేవి. ఆ తలుపుల దగ్గరే మనకు తెలిసేది, మనల్ని ఎవరు ఎలా ఎరుగుదురో.

చెల్లెలు మూడో ఏడులో ఉండగా మా సైటు ఖలాస్ అయింది, నేను ఇంటికి వచ్చేశాను. ఆమె మిగతా చదువు కోసం చెరువు కింది ఎనిమిదెకరాల తరి పొలం అమ్మాం. కొన్నది మేస్త్రీగారు.