చెల్లె తిన్న చేప బిళ్లలు

మొన్న అమరచింత నుంచి వస్తూ ఆత్మకూరులో బస్సు మారుతుంటే, రోడ్డు పక్కన పరదా కింద చేపలు అమ్మే ఆమె నన్ను గుర్తుపట్టింది. "కొర్రమట్ట ఉన్నదమ్మా, తీస్కపోతవా?" అని అడిగింది. నేను ఆమె దగ్గర చేపలు కొనడం మానేసి చాలా ఏళ్లయింది. వద్దని చెప్పి బస్సెక్కాను. వనపర్తి దాకా కిటికీ పక్కన కూర్చుని, ఒకప్పుడు ఆ చేపను ఎన్ని రకాలుగా పాడుచేశానో తలచుకున్నాను.

మా చెల్లె గద్వాలలో ఒక చీరల దుకాణంలో పని చేసేది. కొనేవాళ్ల ముందు చీర మడత విప్పుతూ ఒకసారి, మెట్లు దిగుతూ ఒకసారి ఫిట్స్ వచ్చి పడిపోయింది. దుకాణం యజమాని చెడ్డవాడు కాదు, కానీ భయపడ్డాడు, తగ్గినాక రమ్మన్నాడు. మాత్రలు ఎన్ని మార్చినా తగ్గలేదు. చివరికి హైదరాబాద్‌లో డాక్టరు, మాత్రలతో పాటు తిండి కూడా మార్చి చూద్దామన్నారు. అన్నం వద్దు, రొట్టె వద్దు, అసలు ఏ గింజా వద్దు. పప్పు, దుంపలు, చక్కెర కూడా వద్దు. చేప, గుడ్డు, నూనె, నెయ్యి, కొబ్బరి, నువ్వులు తినాలి. అందరికీ కాదు గానీ కొందరికి ఫిట్స్ ఆగుతాయన్నారు. అప్పటికి నేను వనపర్తిలో కాలేజీ లైబ్రరీలో పని చేస్తూ రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. చెల్లెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా వైపు తిన్నవా అని అడిగితే, రొట్టెనో బువ్వనో తిన్నావా అని అర్థం. మిగతావి ఎన్ని తిన్నా అది తినడం కాదు. ఇంటి ఓనరమ్మ రోజూ గోడ మీదుగా అడిగేది: "చేపలు తిన్నది సరే టీచరమ్మా, పిల్ల బువ్వెప్పుడు తింటది?" నేను టీచరును కానని ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ సంగతీ ఆమెకు ఎక్కలేదు.

కొన్నాళ్లు పులుసు లేని చేప ముక్కలు వేయించి పెట్టాను. చెల్లెకు మొహం మొత్తింది. అప్పుడు వడల్లాంటి చేప బిళ్లలు మొదలుపెట్టాను. జూరాల ప్రాజెక్టు చేపల్లో కొర్రమట్టకు సన్న ముళ్లు తక్కువ. ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి, ఉన్న నాలుగు ముళ్లూ ఏరి, చేత్తో మెదిపి, గుడ్డు కొట్టి పోసి, పచ్చిమిరప, కొత్తిమీర, ఎండు కొబ్బరి పొడి కలిపేదాన్ని. అందరూ పట్టు కోసం వేసే పిండి వేయకూడదు కాబట్టి దంచిన నువ్వులు వేసేదాన్ని. పెనం మీద తిప్పేసరికి విరిగిపోయేవి. చెల్లె పళ్లెంలోకి చూసి, "అక్కా, దీన్ని బిళ్ల అనాల్నా, ఉప్మా అనాల్నా?" అనేది. సంతలో కొన్న ఎండు రొయ్యలను వేయించి పొడి చేసి కలిపితే కొంచెం నయం అనిపించింది, కానీ ఆ వాసనకు ఓనరమ్మ కిటికీ మూసేది. "ఇంకొన్ని దినాలు గిట్లనే పెట్టు, నేను మ్యావ్ అంట" అని చెల్లె బెదిరించేది. కానీ తినేది. మందు మింగినట్టు ముఖం పెట్టి, నీళ్లు తాగుతూ తినేది. ఎండాకాలం గడిచింది. వానలు మొదలయ్యాయి. ఫిట్స్ రాలేదు. ఆమె ఒక్కతే బజారుకు వెళ్లి దారం ఉండలు తెచ్చుకుంది. దుకాణం వాళ్లు మళ్లీ తీసుకుంటారా అని అడగడం మొదలుపెట్టింది.

అప్పుడు అమరచింత నుంచి అమ్మ వచ్చింది. చెల్లెను గడపలోనే పట్టుకుని చెంపలు తడిమి చూసింది. "బొక్కలు తేలినయి. గింజ లేకుండ పానం ఎట్ల నిలుస్తదే?" అంది. ఫిట్స్ ఆగాయని చెప్పాను. వింది, కానీ ఆమె చేయి చెల్లె మణికట్టు మీదనే ఉంది. మర్నాడు నేను పెనం దగ్గర అట్లకాడతో కుస్తీ పడుతుంటే పక్కకు నెట్టింది. "ఇన్ని పుస్తకాలు సదివినవ్, ఒక్క బిళ్ల తిప్పరాదా? జరుగు, నేను చేస్త. నువ్వు నీ కాలేజీకి పో." ఆ రోజు నుంచి వంట అమ్మదే. ఆమె చేసిన బిళ్లలు విరగలేదు. అంచులు ఎర్రగా వేగి, గుండ్రంగా ఉండేవి. ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి చెల్లె వేళ్లు నాకుతూ ఇంకొకటి అడుగుతోంది, అమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తోంది. అమ్మ చేతి మహిమ అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున బట్టలు ఉతుకుతూ చెల్లె పడిపోయింది. బండ అంచు నుదుటికి తగిలింది. దవాఖానలో కుట్లు వేస్తుంటే బయట బల్ల మీద అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది: "పిండి కలిపిన బిడ్డా. జొన్నపిండి. గుప్పెడే. జరమొస్తె జొన్న గటక పెడ్తం, బాలింతకు పెడ్తం. అది ఎవలికి చెడ్డ చేసింది చెప్పు?" జొన్న ఆమె లెక్కలో డాక్టరు వద్దన్న తిండి కాదు, ఒంట్లో సత్తువ పోయినప్పుడు పెట్టే మందు.

కుట్లు వేసి మంచం మీద పడుకోబెట్టాక, అమ్మ నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు చెల్లె కళ్లు తెరిచింది. నేను పిండి సంగతి చెప్పాను.

"నాకు తొలి బిళ్లకే తెలిసింది" అంది. "పుట్టినకాడి నుంచి తిన్న రుచి, తెల్వదా?"

"మరెందుకు తిన్నవే?"

"అమ్మ ఎదురుంగ కూసొని చూస్తుండె." నుదుటి మీది కట్టు తడుముకుంది. "ఇంకేంది, బాగుండె అక్కా." తర్వాత నా చేయి పట్టుకుంది. "ఆమెకు చెప్పకు. చెప్తే తిట్లన్ని నాకే పడ్తయి. జర ఆమెకు పడనీ." నవ్వబోతే కుట్లు లాగాయి.

మళ్లీ పాత తిండికే వచ్చాం. నేను మళ్లీ విరిగిన బిళ్లలే చేశాను. ఫిట్స్ మాత్రం ఈసారి ఆగలేదు. ఆ పిండి వల్లనే తిరగబెట్టిందా అని డాక్టరును అడిగాను. అవునని చెప్పలేం, కాదనీ చెప్పలేం, కొందరికి ఈ తిండి కొంతకాలమే పనిచేస్తుంది అన్నారు. అమ్మకు అందులో ‘అవును’ అన్న మొదటి మాటే వినిపించింది. చలికాలంలో ఒక తెల్లవారుజామున చెల్లె నిద్రలోంచి లేవలేదు. ముఖం దిండులోకి కూరుకుపోయి ఉంది.

అమ్మ జొన్న రొట్టె మానేసింది. ఇంట్లో పిండి డబ్బాను ఎవరికో ఇచ్చేసింది. ఓదార్చడానికి ఎవరు వచ్చినా, వాళ్లు కూర్చోకముందే, "నా చేతులతోనే పెట్టి సంపుకున్న" అని చెప్పేది. వాళ్లు ఏం అనాలో తెలియక చాయ్ కూడా తాగకుండా లేచేవారు. జీవితమంతా రొట్టె మీద నిలిచిన మనిషి రెండు ముద్దల అన్నంతో లేచేది. నడుస్తుంటే గోడ పట్టుకునేది. చెల్లె నవ్వులాటగా అమ్మ మీద వదిలిన నింద అది. తిరిగి తీసుకోవడానికి ఆమె లేదు. చెబితే పోయినదాని మీదికి తోసినట్టవుతుంది, చెప్పకపోతే ఉన్న అమ్మ పోయేలా ఉంది. ఒక ఆదివారం అమ్మ ముందు కూర్చుని చెప్పాను. దానికి మొదటి ముక్కలోనే తెలిసిందని, తెలిసే తిన్నదని, నీకు చెప్పొద్దన్నదని.

నేను అమ్మ ఏడుపుకో కోపానికో సిద్ధంగా ఉన్నాను.

"బిళ్లలు ఎట్లున్నయన్నది?" అని అడిగింది.

"బాగుండె అన్నది."

తల ఊపింది. లేచి బయటికి వెళ్లి ఆరిన బట్టలు ఒక్కొక్కటే తీసి భుజం మీద వేసుకుంది. ఆ తర్వాత కూడా రొట్టె తినలేదు. వచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడం మాత్రం మానేసింది. ఇప్పుడు అమ్మా లేదు. ఆ ఏడాదిలో ఏది గుర్తుంచుకోవాలో కాలం నన్ను అడిగి ఉంచలేదు. ఆసుపత్రులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, డాక్టరు ముఖం చెరిగిపోయింది. ఆ మధ్యాహ్నం వేళ్లు నాకుతూ ఇంకొకటి అడిగిన చెల్లె, ఆమెను చూస్తూ పీట మీద కూర్చున్న అమ్మ మాత్రం రోజురోజుకూ దగ్గరవుతున్నారు.